రిక్షా లాగి నటన నేర్చుకున్న బల్‌రాజ్ సాహ్ని

మహనీయుల జీవితాలు అనే శీర్షిక కింద మన గోడపత్రికలో ఇంతవరకు దేశనాయకుల గురించి, శాస్త్రవేత్తల గురించి, అల్లూరి సీతారామరాజు, కొమురం భీం లాంటి వీరుల గురించి చదువుకున్నాము. ఈసారి నేను ఒక హిందీ సినిమా నటుడి గురించి రాస్తున్నాను. చదువుకునే పిల్లలకు సినిమావాళ్ళ సంగతులెందుకు అని ఎవరికైనా అనిపిస్తే, చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి.

రాత్రిపూట మన డార్మిటరీలో లైట్లు ఆర్పేశాక సినిమా ముచ్చట్లు నడుస్తాయని అందరికీ తెలుసు. పది పాసైతే హైదరాబాదు పోయి సినిమాల్లో చేరతామనేవాళ్ళు ఉన్నారు. ఒకరిద్దరైతే ఏకంగా ముంబయికే పోతామంటారు. తెల్లగా ఉండి, డాన్సులూ ఫైటింగులూ వస్తే చాలు, ఛాన్సు దొరికేస్తుందని కొందరి లెక్క. అడవిలోంచి వచ్చినోళ్ళకు ఎవరిస్తారులే అని ఇంకొందరి దిగులు. బల్‌రాజ్ సాహ్ని జీవితం తెలుసుకున్నాక ఈ లెక్క కూడా, ఈ దిగులు కూడా సరైనవి కావని నాకు అనిపించింది. అందుకే రాస్తున్నాను.

ముంబయికి ఆ పేరు 1995లో వచ్చింది. అంతకుముందు బొంబాయి అనేవాళ్ళు. ఆయన బతికిన కాలం అదే కాబట్టి నేను కూడా బొంబాయి అనే రాస్తాను.

పలకడానికి కష్టమైన పేరు

బల్‌రాజ్ సాహ్ని 1913 మే 1న రావల్పిండిలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మన దేశంలోనే, పంజాబులో ఉండేది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి హర్‌బన్స్‌లాల్ సాహ్ని వ్యాపారి, ఆర్యసమాజాన్ని గట్టిగా నమ్మిన మనిషి. పిల్లవాడికి మొదట యుధిష్ఠిర్ అని పేరు పెట్టారు. కానీ ఇంట్లో ఆ పేరు పలకడానికి నోరు తిరగక బల్‌రాజ్ అని మార్చారట. ధర్మరాజు పోయి బలరాముడు వచ్చాడన్నమాట! ఆయన తమ్ముడు భీష్మ సాహ్ని కూడా తర్వాత పెద్ద రచయిత అయ్యారు. దేశ విభజన మీద 'తమస్' అనే నవల రాసింది ఈ తమ్ముడే.

బల్‌రాజ్ చదువు మొదట ఆర్యసమాజం వారి గురుకులంలో సాగింది. మనలాగే ఆయన కూడా గురుకులం పిల్లవాడే అని తెలిసినప్పుడు నాకు సంతోషం కలిగింది. తర్వాత మామూలు స్కూలుకు మారారు. లాహోరులోని గవర్నమెంట్ కాలేజీలో చదివి ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. పాసయ్యారు. ఆ రోజుల్లో ఎం.ఏ. అంటే మాటలు కాదు. 1936లో దమయంతి గారితో పెళ్ళి జరిగింది. తండ్రి వ్యాపారం చూసుకుంటే జీవితాంతం హాయిగా బతకవచ్చు. కొన్నాళ్ళు ఆ పని చేశారు కూడా. కానీ లెక్కల పుస్తకాల ముందు మనసు నిలవలేదు. భార్యాభర్తలిద్దరూ ఇల్లు వదిలి బయల్దేరారు.

శాంతినికేతన్, సేవాగ్రామ్, లండన్

1937లో బెంగాలులోని శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూరు గారి విద్యాలయంలో బల్‌రాజ్ ఉపాధ్యాయుడుగా చేరారు. అక్కడ జరిగిన ఒక సంగతిని ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు. అప్పటికి ఆయన హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాస్తూ ఉండేవారు. ఠాగూరు గారు ఆయన్ని, నీ మాతృభాష ఏమిటి, అందులో ఎందుకు రాయవు అని అడిగారు. పంజాబీలో రాస్తే చదివేవాళ్ళు తక్కువ, హిందీ అయితే దేశమంతా చదువుతారు అని బల్‌రాజ్ చెప్పుకున్నారు. ఠాగూరు గారు ఒప్పుకోలేదు. ఎంత తిరిగినా రచయిత చివరకు తన ఇంటి భాషకే రావాలని నచ్చజెప్పారు. అప్పుడు బల్‌రాజ్‌కు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. ఎప్పుడు ఎక్కిందో తర్వాత చెప్తాను.

1938లో అక్కడి నుంచి వార్ధా దగ్గరి సేవాగ్రామ్ పోయి, గాంధీజీ మొదలుపెట్టిన బునియాదీ విద్య పనుల్లో కొంతకాలం ఉన్నారు. చేతి పనితో చదువు నేర్పే పద్ధతి అది. 1939లో లండన్ నుంచి పిలుపు వచ్చింది. బి.బి.సి. రేడియోలో హిందీలో మాట్లాడే ఉద్యోగం. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది, లండన్ మీద జర్మనీ విమానాలు బాంబులు వేస్తున్నాయి. అలాంటి ఊళ్ళో ఉంటూ ఆయన గొంతు హిందీలో మన దేశానికి వినిపించేది. యుద్ధం ముగియకముందే తిరిగి వచ్చేశారు.

ఇక్కడిదాకా చూస్తే ఏమనిపిస్తుంది? మంచి కుటుంబం, ఎం.ఏ. చదువు, ఠాగూరు, గాంధీ లాంటి మహానుభావుల దగ్గర పని, లండన్‌లో ఉద్యోగం. మనిషి ఎత్తుగా, చూడడానికి దొరలా ఉండేవారు. ఇలాంటి మనిషికి సినిమాల్లో వేషం దొరకడం ఎంతసేపు అని మనమే అంటాము. కానీ అసలు కష్టం ఇక్కడి నుంచే మొదలైంది.

బొంబాయి తలుపులు

లాహోరు గవర్నమెంట్ కాలేజీలో చదివిన చేతన్ ఆనంద్ అప్పుడు బొంబాయిలో 'నీచా నగర్' అనే సినిమా తీయాలని తిరుగుతున్నారు. బల్‌రాజ్‌కీ దమయంతికీ అందులో వేషాలు ఇస్తానని రమ్మన్నారు. ఇద్దరూ బొంబాయి పోయి కొన్నాళ్ళు చేతన్ ఆనంద్ ఇంట్లోనే తలదాచుకున్నారు. సినిమాకు డబ్బు కుదరక రోజులు గడిచిపోయాయి. చివరకు ఆ సినిమా 1946లో తయారై ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో పెద్ద బహుమతి తెచ్చుకుంది. కానీ అందులో బల్‌రాజ్ లేరు. ఏ సినిమాను నమ్ముకుని వచ్చారో ఆ సినిమాలోనే ఆయన లేరు. సినిమా పని ఎట్లా ఉంటుందో చూడండి.

అయితే బొంబాయిలో ఆయనకు ఇంకొకటి దొరికింది. 1943లో ఇప్టా అనే నాటక సంస్థ పుట్టింది. ప్రజల కష్టసుఖాలను ప్రజల దగ్గరకే పోయి నాటకాలుగా ఆడడం వాళ్ళ పని. మన తెలుగునాట ప్రజానాట్యమండలి అని వినే ఉంటారు, అది కూడా ఆ ఉద్యమంలోదే. బల్‌రాజ్ ఇప్టాలో చేరి ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రాసిన 'జుబేదా' నాటకానికి దర్శకత్వం వహించారు. అదే అబ్బాస్ 1946లో 'ధర్తీ కే లాల్' అనే సినిమా తీశారు. 1943లో బెంగాలులో వచ్చిన ఘోరమైన కరువులో లక్షలమంది తిండి లేక చనిపోయారు. ఊళ్ళు వదిలి కలకత్తా వీధుల్లోకి వచ్చిన రైతుల కథ అది. అందులో బల్‌రాజ్, దమయంతి ఇద్దరూ నటించారు.

దమయంతి గారు అప్పటికే పృథ్వీ థియేటర్స్ నాటకాల్లో మంచి పేరు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో భర్త కన్నా భార్యకే నటిగా ఎక్కువ పేరు. కానీ ఆమె 1947లో జబ్బు చేసి చిన్న వయసులోనే చనిపోయారు. అదే ఏడాది దేశం రెండు ముక్కలైంది. రావల్పిండి పాకిస్తాన్‌లోకి పోయింది. పుట్టిన ఊరు, ఇల్లు అన్నీ ఒక్కసారిగా పరాయివి అయ్యాయి. భార్య లేదు, ఊరు లేదు, చేతిలో చిన్న పిల్లలు, సినిమాల్లో పేరు లేదు. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్ళు.

ఖైదీయే జైలరు వేషం వేసిన కథ

ఈ సంగతి మన పిల్లలకు బాగా నచ్చుతుంది. బల్‌రాజ్ కమ్యూనిస్టు పార్టీలో పనిచేసేవారు. 1949లో ఒక ఊరేగింపులో పాల్గొన్నందుకు పోలీసులు పట్టుకుని బొంబాయి ఆర్థర్ రోడ్ జైల్లో పెట్టారు. అప్పటికే ఆయనకు 'హల్‌చల్' అనే సినిమాలో వేషం వచ్చి ఉంది. దిలీప్‌కుమార్, నర్గీస్ నటించిన సినిమా అది. నిర్మాత కె. ఆసిఫ్ అధికారుల దగ్గర అనుమతి తెచ్చుకున్నారు. దాంతో బల్‌రాజ్ పొద్దున జైల్లోంచి షూటింగుకు వచ్చేవారు, పని అయ్యాక మళ్ళీ జైలుకే పోయేవారు. ఇంతకీ సినిమాలో ఆయన వేషం ఏమిటో తెలుసా? జైలరు! పగలు జైలరు, రాత్రి ఖైదీ.

జైలు నుంచి బయటికి వచ్చాక బతకడానికి కథలు, మాటలు రాసే పని కూడా చేశారు. 1951లో వచ్చిన 'బాజీ' సినిమాకు స్క్రీన్‌ప్లే రాసింది ఆయనే. దేవ్ ఆనంద్ హీరో, గురుదత్‌కు దర్శకుడిగా అదే మొదటి సినిమా. ఇంటి ఖర్చులకు కటకటగా ఉన్న ఆ రోజుల్లో చిన్న కొడుకు పరీక్షిత్ కూడా 'దీదార్' అనే సినిమాలో బాలనటుడిగా చేశాడు.

ఆ 'బాజీ' రోజుల్లోనే ఇంకో మంచి పని జరిగింది. బొంబాయి సిటీ బస్సులో బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ అనే కండక్టరు ఉండేవాడు. టిక్కెట్లు కొడుతూనే తమాషాలు చేసి ప్రయాణికులను నవ్వించేవాడు. అతనికి కూడా సినిమాల పిచ్చే. బల్‌రాజ్ అతన్ని గమనించి, ఒకరోజు గురుదత్ ముందుకు వచ్చి తాగుబోతులాగా నటించి చూపమని ఉపాయం చెప్పారు. అతను అట్లాగే తూలుతూ వచ్చి అందరినీ నమ్మించాడు. మరుక్షణం మామూలుగా నిలబడేసరికి గురుదత్ ఆశ్చర్యపోయి 'బాజీ'లో వేషం ఇచ్చారు. ఆ కండక్టరే తర్వాత జానీ వాకర్ అనే పేరుతో దేశమంతటినీ నవ్వించిన హాస్యనటుడు. ఎన్నో సినిమాల్లో తాగుబోతుగా నటించినా నిజ జీవితంలో మందు ముట్టేవాడు కాదు. తనకే సరైన వేషాలు దొరకని రోజుల్లో ఇంకొకరికి దారి చూపించడం చిన్న విషయం కాదు.

కెమెరా అంటే భయం

ఇంత చదివిన మనిషికి, ఇన్ని నాటకాలు ఆడిన మనిషికి అసలు ఇబ్బంది ఏమిటంటే కెమెరా. నాటకంలో బాగానే చేసేవారు. కెమెరా ముందు నిలబడగానే ఒళ్ళు కర్రలాగా బిగుసుకుపోయేది. 1951లో జియా సర్హదీ దర్శకత్వంలో 'హమ్ లోగ్' సినిమాలో ముఖ్యమైన వేషం వచ్చింది. మొదటి రోజుల్లో మాటలు నోట్లోంచి రాలేదు. తీసిందే మళ్ళీ మళ్ళీ తీయవలసి వచ్చింది. తన వల్ల కాదు, ఇంకొకరిని పెట్టుకోండి అనేదాకా పోయింది ఆయన నిరాశ. దర్శకుడు ఆయన్ని వదులుకోలేదు, తోటివాళ్ళు ధైర్యం చెప్పారు. మెల్లగా భయం తగ్గింది. సినిమా ఆడింది. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు.

మన దగ్గర వేదిక ఎక్కగానే గొంతు పెగలక, కాళ్ళు వణికి, తర్వాత నలుగురూ నవ్వితే ఇంకెప్పుడూ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఈ సంగతి రెండుసార్లు చదవాలి. ఎం.ఏ. చదివి లండన్ రేడియోలో మాట్లాడి వచ్చిన మనిషికి 38 ఏళ్ళ వయసులో కాళ్ళు వణికాయి. ఆయన ఆగిపోలేదు.

రెండు బిఘాల నేల

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను. బిమల్ రాయ్ అనే గొప్ప దర్శకుడు 'దో బీఘా జమీన్' అనే సినిమా తీయాలనుకున్నారు. కథ రాసింది సలీల్ చౌదరి. ఆ పేరుకు రెండు బిఘాల నేల అని అర్థం. బెంగాలు లెక్కలో ఒక బిఘా అంటే సుమారు ఎకరంలో మూడో వంతు. రెండు బిఘాలంటే మన లెక్కలో 66 సెంట్లు. అంతే. శంభు అనే పేద రైతుకు ఉన్నది ఆ కాస్త నేలే. జమీందారు అక్కడ మిల్లు కట్టించాలని దాన్ని అడుగుతాడు. శంభు ఇవ్వనంటాడు. అయితే బాకీ కట్టమంటాడు. తన బాకీ 65 రూపాయలే అనుకుని శంభు ఇంట్లో ఉన్నవన్నీ అమ్మి తీసుకుపోతే, అక్కడ దొంగ లెక్కలో అది 235 రూపాయలు అయి ఉంటుంది. శంభుకు చదువు రాదు, వేలిముద్ర మనిషి. కోర్టు మూడు నెలలు గడువు ఇస్తుంది. ఆ డబ్బు సంపాదించడానికి కొడుకును వెంటబెట్టుకుని కలకత్తా పోయి మనిషి లాగే రిక్షా లాగుతాడు. ఇదీ కథ.

ఈ వేషానికి బల్‌రాజ్‌ను పిలిపించారు. ఆయన సూటూ బూటూ వేసుకుని పోయారు. చూడగానే బిమల్ రాయ్ పెదవి విరిచారు. ఈ దొర మొహం మనిషి పేదరైతుగా ఎట్లా పనికొస్తాడని ఆయన అనుమానం. బల్‌రాజ్ 'ధర్తీ కే లాల్'లో తాను రైతు వేషం వేసిన సంగతి గుర్తుచేశారు. అప్పుడు ఒప్పుకున్నారు.

గమనించండి మిత్రులారా! మనం అనుకునే అందం, తెలుపు, దొరతనం ఇక్కడ ఆయనకు అడ్డం వచ్చాయి. ఆ వేషానికి కావలసింది పేదవాడి నడక, పేదవాడి చూపు. అది ఆయన దగ్గర లేదు. మన ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంది. దాన్ని నేర్చుకోవడానికి ఆయన ఏం చేశారో వినండి.

బొంబాయి పక్కన జోగేశ్వరి అనే చోట ఉత్తరప్రదేశ్, బీహారు నుంచి వచ్చి గేదెలను పెంచి పాలు అమ్ముకునేవాళ్ళు ఉండేవారు. బల్‌రాజ్ రోజూ అక్కడికి పోయి వాళ్ళెట్లా కూర్చుంటారో, ఎట్లా తింటారో, ఎట్లా నడుస్తారో చూసేవారు. తలకు తువ్వాలు చుట్టుకోవడం కూడా ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా ఉందని గమనించి, వాళ్ళలాగా చుట్టుకోవడం నేర్చుకున్నారు. తర్వాత కలకత్తాలో రిక్షా లాగేవాళ్ళతో కలిసి తిరిగి, రిక్షా పట్టడం నేర్చుకున్నారు. సైకిల్ రిక్షా కాదు, రెండు కర్రల మధ్య మనిషే పశువులాగా నిలబడి లాగే రిక్షా. తారురోడ్డు మీద చెప్పులు లేకుండా పరుగెత్తాలి. చాలా దృశ్యాలు నిజమైన వీధుల్లో, జనం మధ్యలోనే తీశారు. ఎవరూ ఆయన్ని నటుడని గుర్తుపట్టలేదు. ఒకసారి ఆ మాసిన బట్టలతోనే పాన్ షాపుకు పోయి ఖరీదైన సిగరెట్ పెట్టె అడిగితే, షాపువాడు కసిరి పొమ్మన్నాడట. అదే మనిషి సూటు వేసుకుని పోతే నమస్కారం పెట్టేవాడు. బట్టలు మారితే లోకం ఎట్లా చూస్తుందో ఆయనకు అప్పుడు అనుభవంలోకి వచ్చింది.

ఇంత చేసినా ఆయనకు లోపల తృప్తి లేదు. నేను నటిస్తున్నాను, ఎట్లా నటించాలి, పుస్తకాల్లో ఏముంది అనే ఆలోచనే నడుస్తూ ఉండేది. ఒకరోజు పరుగెత్తి పరుగెత్తి అలసిపోయి కూర్చుని ఉంటే, బీహారు నుంచి వచ్చిన ఒక నడివయసు రిక్షా ఆయన దగ్గరకు వచ్చి, ఇక్కడ ఏం జరుగుతోందని అడిగారు. బల్‌రాజ్ సినిమా కథంతా చెప్పారు. వింటూ వింటూ ఆ రిక్షా ఆయన ఏడ్చేశారు. ఎందుకంటే అది ఆయన కథే. ఆయనకు కూడా ఊళ్ళో రెండు బిఘాల నేల ఉండేది. అది జమీందారు దగ్గర తాకట్టులో పోయింది. దాన్ని విడిపించుకోవాలని 15 ఏళ్ళుగా కలకత్తాలో రిక్షా లాగుతూనే ఉన్నారు. విడిపించుకుంటానన్న ఆశ కూడా పోయింది. ఇది నా కథ బాబూ అనుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ క్షణం నుంచి నటన గురించి చదివిందంతా పక్కన పెట్టేశానని బల్‌రాజ్ తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ రిక్షా మనిషి ప్రాణాన్ని తనలోకి తెచ్చుకుని పని చేశారు. అంటే లాహోరు కాలేజీ, శాంతినికేతన్, లండన్ నేర్పలేని పాఠం అక్షరం రాని ఒక రిక్షా ఆయన నేర్పారు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. బల్‌రాజ్ గొప్పతనం ఏమిటంటే, ఆ మనిషిని గురువుగా ఒప్పుకోవడం.

సినిమా 1953లో వచ్చింది. 1954లో మొట్టమొదటిసారి ఫిల్మ్‌ఫేర్ బహుమతులు ఇచ్చినప్పుడు ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు రెండూ ఈ సినిమాకే వచ్చాయి. ఆ ఏడాదే కాన్ ఉత్సవంలోనూ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. బల్‌రాజ్‌కు అప్పటికి 40 ఏళ్ళు. బొంబాయి చేరిన తర్వాత దాదాపు పదేళ్ళు పట్టింది.

ఈ సినిమాను మన హిందీ సారు హాల్లో గోడ మీద వేసి చూపించారు కదా. నలుపు తెలుపు సినిమా అని మొదట చిన్న తరగతుల పిల్లలు గోల చేశారు. రిక్షా పందెంలో చక్రం ఊడి శంభు పడిపోయేసరికి హాలంతా నిశ్శబ్దం. చివర్లో నేల పోయి అక్కడ మిల్లు లేస్తుంటే, శంభు కంచె బయటి నుంచి పిడికెడు మట్టి తీసుకుంటాడు. కాపలావాడు అది కూడా విదిలించేయిస్తాడు. అప్పుడు నా పక్కన కూర్చున్నవాళ్ళెవరూ మాట్లాడలేదు. మన పెద్దవాళ్ళు షావుకార్ల దగ్గర వేలిముద్రలు వేసి పొలాలు పోగొట్టుకున్న కథలు మనం ఇంట్లో వింటూనే పెరిగాము. 1/70 చట్టం ఎందుకు వచ్చిందో సాంఘికశాస్త్రం పుస్తకం కన్నా ఆ పిడికెడు మట్టి నాకు బాగా చెప్పింది.

పేరు వచ్చిన తర్వాత

తర్వాత బల్‌రాజ్‌కు వేషాలు వరుసగా వచ్చాయి. 'సీమా' (1955), 'కాబూలీవాలా' (1961), 'హకీకత్' (1964), 'వక్త్' (1965) లాంటివి ఎన్నో. ఠాగూరు గారి కాబూలీవాలా కథ చాలామంది చదివే ఉంటారు. ఎండుపళ్ళు అమ్ముకుంటూ, దూరదేశంలో ఉన్న తన కూతుర్ని తలుచుకునే పఠాను కథ. శాంతినికేతన్‌లో ఎవరి దగ్గర పని చేశారో ఆయన కథలోనే బల్‌రాజ్ నటించారు. రావల్పిండిలో చిన్నప్పటి నుంచి పఠానులను చూసి పెరిగారు కాబట్టి ఆ మాట తీరు, నడక ఆయనకు తెలుసు. హీరో పాటలూ ఫైటింగులూ ఆయనకు లేవు. నాన్నగా, అన్నగా, ఉపాధ్యాయుడిగా, సైనికుడిగా ఏ వేషం వేసినా మన ఊరి మనిషిలాగా ఉండేవారు.

ఠాగూరు గారి మాట ఎప్పుడు ఎక్కిందో చెప్తానన్నాను కదా. బొంబాయిలో పేరు వచ్చాక బల్‌రాజ్ తన ఇంటి భాష పంజాబీకి తిరిగి వచ్చారు. గురుముఖి లిపిలో రాయడం పట్టుదలగా సాధన చేశారు. పుట్టిన ఊరు చూడడానికి పాకిస్తాన్ పోయి వచ్చి, ఆ ప్రయాణం గురించి పంజాబీలోనే పుస్తకం రాశారు. రష్యా ప్రయాణం మీద కూడా పంజాబీలోనే రాశారు. 1969లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1972లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో మాట్లాడుతూ ఠాగూరు గారి సంగతి విద్యార్థులకు చెప్పారు. కోయ మాట్లాడితే, గోండి మాట్లాడితే, సవర మాట్లాడితే సిగ్గుపడేవాళ్ళు మనలో ఉన్నారు. పద్మశ్రీ వచ్చిన మనిషే అమ్మ భాష కోసం మళ్ళీ కూర్చుని అక్షరాలు దిద్దుకుంటే, మనకెందుకు సిగ్గు?

చివరి సినిమా

ఆయన చివరి గొప్ప సినిమా 'గర్మ్ హవా'. దర్శకుడు ఎం.ఎస్. సత్యు. దేశ విభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసుకునే సలీం మీర్జా అనే ముస్లిం పెద్దమనిషి కథ. చుట్టాలంతా పాకిస్తాన్ వెళ్ళిపోతుంటే, తన నేల వదిలి నేనెందుకు పోవాలని ఆయన నిలబడతాడు. విభజనలో తన ఊరు పోగొట్టుకున్న బల్‌రాజ్ ఆ వేషం వేశారు. సినిమాలో సలీం మీర్జా కూతురు చనిపోతుంది. నిజ జీవితంలో కూడా బల్‌రాజ్ కూతురు షబ్నమ్ 1972లోనే అకాలంగా చనిపోయింది. ఆ దుఃఖం లోపల పెట్టుకుని ఆయన నటించారు. ఆ దృశ్యంలో గట్టిగా ఏడవరు, అరవరు. ఊరికే చూస్తారు. అది చూస్తే చాలు.

ఆ సినిమాకు గొంతు ఇచ్చే పని పూర్తి చేసిన మరుసటి రోజు, 1973 ఏప్రిల్ 13న గుండెపోటుతో చనిపోయారు. అరవై ఏళ్ళు నిండడానికి 18 రోజులు తక్కువ. సినిమా విడుదలను ఆయన చూడలేదు. భారతీయ సినిమాకు వందేళ్ళు నిండిన 2013లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

నేను చెప్పదలచుకున్నది

సినిమాల్లోకి పోవద్దని నేను అనడం లేదు. బల్‌రాజ్ బొంబాయి చేరిన రోజుల్లో నటన నేర్పే ప్రభుత్వ బడులు లేవు. తర్వాత ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల 1959లో, పూనాలో ఫిలిం ఇన్‌స్టిట్యూట్ 1960లో వచ్చాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కూడా రంగస్థల కళల విభాగం ఉంది. ఇంటర్ తర్వాత, డిగ్రీ తర్వాత చదువుకునే దారులు ఉన్నాయి. ఎవరో ఛాన్సు ఇప్పిస్తామంటే డబ్బు కట్టి రైలెక్కడం కన్నా ఆ దారి మంచిది. బల్‌రాజ్‌కు కూడా కష్టకాలంలో కథలు రాసి బతికే తెలివిని ఇచ్చింది చదువే.

అయితే నటన నేర్చుకోవడానికి అంత దూరం పోయేదాకా ఆగక్కర్లేదు. మన వార్షికోత్సవం నాటకంలో రైతు వేషం వేసేవాళ్ళు సినిమా హీరోలాగా మీసం మెలేసి, చెయ్యి ఊపుకుంటూ వస్తారు. వాళ్ళ నాన్న పొలం నుంచి అట్లా వస్తాడా? భుజం మీద కావడి ఉన్న మనిషి ఎట్లా అడుగు వేస్తాడో, తునికాకు కట్ట తల మీద పెట్టుకున్న అమ్మ మెడ ఎట్లా నిలుపుతుందో, సంతలో షావుకారు కాటా వేస్తుంటే మన తాత కళ్ళు ఎటు చూస్తాయో మనకు తెలుసు. బల్‌రాజ్ అవి నేర్చుకోవడానికి జోగేశ్వరి, కలకత్తా తిరిగారు. మనకు అవి ఇంట్లోనే ఉన్నాయి. వాటిని దాచిపెట్టి సినిమా హీరోల నడక తెచ్చుకుంటే, ఉన్న బంగారం పారేసి గాజుపెంకు ఏరుకున్నట్టే.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాన్న నడకను ఒకసారి గమనించండి. నటుడు కావాలనుకున్నా, కాకపోయినా, అది చూడవలసిన నడకే.

— పదో తరగతి విద్యార్థి